నలభై రెండు పళ్ళు

నేను ఒక పళ్ళ చక్రాన్ని. మోటారు సైకిలు వెనక చక్రానికి ఎడమ పక్కన, గొలుసు చుట్టుకుని తిరిగే ఇనుప బిళ్ళను. మెకానిక్కులు నన్ను స్ప్రాకెట్ అంటారు. నాకు నలభై రెండు పళ్ళు. అందులో ఒకదాని కొస విరిగిపోయింది. అది ఎలా విరిగిందో చెప్పాలంటే మొదటి నుంచి చెప్పాలి.

మనుషులు బండి మీద ఎంత దూరం పోయినా నన్ను తలుచుకోరు. అద్దాలు తుడుస్తారు, ట్యాంకు మీద దేవుడి బొమ్మ అంటిస్తారు, నా దగ్గరికి వచ్చేసరికి మాత్రం చీరకో ప్యాంటుకో మసి అంటుతుందని కాలు పక్కకు తీసుకుంటారు. నాకేమీ కోపం లేదు. నా పనే అలాంటిది. ఇంజను దగ్గర పదిహేను పళ్ళ బుల్లి చక్రం ఒకటి ఉంటుంది. అది మూడుసార్లకు కాస్త తక్కువ తిరిగితే నేను ఒకసారి తిరుగుతాను. నా స్థానంలో ఇంకా పెద్ద చక్రం ఉంటే బండికి లాగే బలం ఎక్కువ, చిన్నది ఉంటే వేగం ఎక్కువ. రెండూ ఒకేసారి కావాలంటే కుదరదు. ఇంత చిన్న సంగతి మనుషుల బుర్రకు ఎందుకెక్కదో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను పుట్టిన ఊరి పేరు నాకు తెలియదు. మందపాటి ఉక్కు రేకులోంచి నన్ను గుండ్రంగా కోసి, పళ్ళు దిద్ది, ఎర్రగా కాల్చి నూనెలో ముంచారు. ఆ తర్వాత ఒక నల్ల మోటారు సైకిలుకు బిగించారు. తెనాలిలో ఒక షోరూము ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి బండిని ముందుకు తోశారు. నిమ్మకాయలు చితికాయి, అందరూ నవ్వారు. ఆ బండి కొన్న మనిషి పేరు అంకబాబు.

అంకబాబు గోపాలమిత్ర. అంటే పల్లెల్లో తిరిగి పశువులకు సూదులు వేసే మనిషి. ఎదకు వచ్చిన గేదె ఏ ఊళ్ళో ఉందని కబురొస్తే ఆ ఊరు పోవడం, మేలుజాతి విత్తనం ఎక్కించి రావడం అతని పని. ఆ విత్తనం పాడవకుండా ఉండడానికి బండి వెనక సీటుకు ఒక వెండి రంగు క్యాను తాళ్ళతో కట్టుకునేవాడు. అందులో నైట్రోజను ద్రవం ఉండేది. మూత తీస్తే తెల్లటి పొగ కిందికి జారుతుంది. అంత చల్లటి వస్తువు ఈ లోకంలో ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ క్యాను ఊగితే కారిపోతుంది. కారిపోతే విత్తనం చచ్చిపోతుంది. అందుకని అంకబాబు నిండు కుండను ఎత్తుకున్నట్టు నడిపేవాడు బండిని. గుంట కనిపిస్తే ఆపి, కాళ్ళు నేలకు ఆనించి, దాటించేవాడు. రైతులు నవ్వేవాళ్ళు. ఎద్దుబండి నయం డాక్టరూ, నువ్వొచ్చేసరికి దూడ కూడా పుట్టుద్ది అనేవాళ్ళు. అతనూ నవ్వేవాడు. ఆదివారాలు పాత టూత్‌బ్రష్షూ కిరసనాయిలూ పట్టుకుని నా దగ్గర గొంతుక్కూచుని ఒక్కో పన్నూ తోమేవాడు. తోముతూ ఏదో కూనిరాగం తీసేవాడు. నేను చూసిన మనుషుల్లో నా పళ్ళు తోమినవాడు అతనొక్కడే.

ఆరేళ్ళు అలా గడిచాయి.

ఆ రోజు చలికాలం, పొద్దున పదకొండు దాటింది. తెనాలి అవతల కాలువ కట్ట మీద పోతున్నాం. ఫోను మోగింది. బండి నడుపుతూ ఫోను మాట్లాడడం అంకబాబుకు అలవాటు లేదు. తుమ్మచెట్టు పక్కన ఆపి ఎత్తాడు. అవతల అతని భార్య శివకుమారి. ఆమె మాటలు నాకు పూర్తిగా వినపడలేదు. అతని మాటలు విన్నాను. పాప ఒళ్ళు బాగా కాలుతోందా అని అడిగాడు, తడిగుడ్డ వెయ్యమన్నాడు, వస్తున్నాను అన్నాడు. ఫోను జేబులో పెట్టుకుని వెనక్కి తిరిగి, క్యాను తాడు బిగువుగా ఉందో లేదో చూసుకుని, బండి తీశాడు.

మొదటి గేరు, రెండోది, మూడోది. కాసేపటికి రోడ్డు తవ్వి కంకర పోసిన చోటు వచ్చింది. మళ్ళీ రెండో గేరులోకి దించాడు. అతని మనసులో తొందర ఉందో లేదో నేను చెప్పలేను. మనసు సంగతి నాకు తెలియదు, చక్రం సంగతి తెలుసు. చక్రం మెల్లగానే తిరిగింది.

మలుపులో వడ్ల ట్రాక్టరు ఒకటి ఎదురుగా వస్తోంది. దాన్ని దాటుకుని ఒక లారీ మా వైపుకు వచ్చేసింది.

ఆ తర్వాత నేను ఒక్కసారిగా ఆగిపోయాను. ఇంజను లోపల ఏదో వంగి బిగుసుకుపోయింది. బండి పక్కకు ఒరిగి ఉంది. క్యాను మూత ఊడి తెల్లటి పొగ రోడ్డు మీద పాకుతోంది. ఆ ద్రవం నా మీద ఒలికింది. ఎర్రగా కాలి పుట్టినదాన్ని, ఆ చలికి గాజులా అయిపోయాను. ఎవరో బండిని లాగబోయారు. గొలుసు బిగుసుకుని నా పన్ను ఒకటి కొస దగ్గర పుటుక్కుమంది. పొగను చూసి జనం భయపడి దూరంగా నిలబడ్డారు. అది తేలిపోయేదాకా అంకబాబు దగ్గరికి ఎవరూ పోలేదు. తేలిపోయాక వెళ్ళి ప్రయోజనం లేకపోయింది.

అప్పటి నుంచి ఆ విరిగిన పన్నులో చలి పోలేదు. ఇనుముకు అలా ఉండదని మీరంటారు. నాకుంది.

ఒక పోలీసు స్టేషను వెనక ఖాళీ స్థలంలో మూడేళ్ళు పడి ఉన్నాం. అక్కడ మాలాంటి బండ్లు చాలా ఉండేవి. వానకు తడిసి, ఎండకు ఎండి, చువ్వల్లోంచి పిచ్చి తీగలు అల్లుకుని. కొన్ని మూడో గేరులో ఆగిపోయినవి, కొన్ని ఐదో గేరులో. ఎవరి చివరి గేరు వాళ్ళ కడుపులో ఉండేది. గాలి వీచినప్పుడు ఏదో ఒక బండి చక్రం తనంతట తానే కాస్త కదిలేది. కదిలి, తన మనిషి రాలేదని తెలిసి ఆగిపోయేది. మనుషులు మాత్రం ఆ గోడ పక్కగా ముక్కు మూసుకుని పోయేవాళ్ళు.

కేసు మూశాక శివకుమారి అన్న వచ్చి బండిని విడిపించుకుపోయాడు. ఇంటికి తీసుకుపోలేదు. చెల్లెలు దాన్ని చూసి తట్టుకోలేదని చెప్పి దారిలోనే పాత ఇనుము కొట్లో అమ్మేశాడు. కొట్టువాడు రేకులూ చక్రాలూ విడదీసి, ఇంజనునూ దానితో పాటు గొలుసునూ నన్నూ గోనెసంచిలో కట్టి బెజవాడ ఆటోనగర్‌కు పంపాడు. అక్కడ యేసుపాదం షెడ్డులో సంచి విప్పారు.

యేసుపాదానికి యాభై ఎనిమిదేళ్ళు. పొట్టి మనిషి, మందపాటి కళ్ళద్దాలు. ముప్పై ఏళ్ళు లారీ ఇంజన్లు విప్పి, నడుము పట్టేశాక చిన్న ఇంజన్ల పనికి దిగాడు. అప్పుడు అతని చేతిలో ఉన్నది భుజంగరావు బండి. భుజంగరావు గుంటూరు రోడ్డులో తన నిమ్మతోట కొట్టేసి, గోకార్టులు తిప్పే ట్రాకు వేశాడు. గోకార్టు అంటే నేలకు ఆనినట్టు ఉండే నాలుగు చక్రాల బుల్లి కారు, పైన కప్పు ఉండదు. ఆయన దగ్గరున్న రెండు సీట్ల కార్టుకు నీళ్ళ పంపు ఇంజను ఉండేది. అది అరిగిపోయింది. దాని చోట మోటారు సైకిలు ఇంజను పెట్టించాలని ఆయన కోరిక.

ఇంజను మార్చడం పెద్ద పని కాదు, దానికి తగ్గ పళ్ళ చక్రాన్ని ఎంచడమే పని అని యేసుపాదం అన్నాడు. భుజంగరావుకు ఆ ఆలోచనే లేదు. ఇరవై ఎనిమిది పళ్ళ చిన్న చక్రం వెయ్యి, బండి ఎగిరిపోవాలి అన్నాడు. యేసుపాదం నన్ను చేతిలోకి తీసుకుని, గుడ్డతో తుడిచి, వేలితో పళ్ళు లెక్కపెట్టాడు. విరిగినదాని దగ్గర వేలు ఆగింది.

"మీ ట్రాకులో తిన్నగా ఉన్నదెంతండీ, తొంభై మీటర్లు," అన్నాడు భుజంగరావుతో. "ఆ తొంభై మీటర్ల చివరికి ఇంజను పూర్తి చుట్లు అందుకుని కుయ్యాలి. ముందే కూసేస్తే చక్రం పెద్దదైనట్టు. కుయ్యకముందే మలుపొచ్చేస్తే చిన్నదైనట్టు. మీరు చెప్పిన ఇరవై ఎనిమిది వేస్తే ఆ స్పీడు కాయితం మీదే ఉంటది. మలుపు తిరిగి లేవలేక క్లచ్చు కాలిపోద్ది."

కార్టు చక్రాలు చాలా చిన్నవి, అందుకని మోటారు సైకిలు లెక్క దీనికి పనికిరాదనీ, ప్రతి గేరులో ఇంజను ఎన్ని చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుందో కొలిచి చూడాలనీ చెప్పాడు. కానీ కొలుద్దామంటే గేరు మారలేదు. గేరు పెడలు రాయిలా బిగుసుకుపోయి ఉంది. ఏదో ఒక గేరులో ఇరుక్కుని ఉంది ఇంజను. ఇది ఎక్కడో గుద్దుకుని పడ్డ బండిది అయి ఉంటుందని అతనికి అప్పుడు తెలిసింది.

యేసుపాదానికి ఒక పట్టుదల ఉండేది. ఎవరిదో తెలియని ఇంజను తన షెడ్డులో స్టార్టు చెయ్యడు. దొంగ ఇంజన్లతో ఆటోనగర్‌లో చాలామంది చిక్కుల్లో పడ్డారు. ఇనుము కొట్టువాడి దగ్గర బండి కాగితం తెప్పించుకున్నాడు. అందులో అంకబాబు పేరూ, వెనక పెన్నుతో రాసిన ఫోను నంబరూ ఉన్నాయి. నంబరు శివకుమారిది. ఇంజను అమ్మినట్టు ఒక సంతకం కావాలి తల్లీ, పోస్టులో పంపినా చాలు అన్నాడు. ఆమె పోస్టులో పంపలేదు. రెండు రోజుల తర్వాత బస్సెక్కి తనే వచ్చింది.

ముప్పై మూడేళ్ళ మనిషి, సన్నగా, చేతిలో గుడ్డ సంచి. ఊళ్ళో పాల కేంద్రంలో పాలు కొలిచి వెన్న శాతం లెక్కకట్టే ఉద్యోగం చేస్తోంది. అంతవరకు ఆమె మాట ఒకటి రెండుసార్లు ఫోనులోంచి విన్నాను తప్ప ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఆదివారాలు అంకబాబు నన్ను తోముతుంటే ఆమె వంటింట్లో ఉండేది.

సంతకం పెట్టింది. వెళ్ళిపోలేదు. బల్ల మీద తల విప్పి ఉన్న ఇంజనును చూస్తూ నిలబడింది. యేసుపాదం స్టూలు జరిపాడు. కూర్చోలేదు.

"బాబాయ్ గారూ, ఇది తొంభైలో పోద్దా?" అని అడిగింది.

ఐదో గేరులో అయితే పోతుందని యేసుపాదం చెప్పాడు. ఎందుకమ్మా అని అడిగాడు. అప్పుడు ఆమె చెప్పింది. అంకబాబే తొంభైలో వచ్చి గుద్దాడని ఎదుటి లారీ డ్రైవరు చెప్పాడట. చూసినవాళ్ళూ అదే అన్నారట. కంకర పోసిన మలుపులో అతివేగం అని రిపోర్టులో రాశారట. అదొక్కటే అయితే ఆమె నమ్మేది కాదేమో. వాంగ్మూలం తీసుకున్నప్పుడు, పాపకు జ్వరమొచ్చి తనే ఫోను చేశాననీ, తొందరగా రమ్మన్నాననీ ఆమె ఏడుస్తూ చెప్పింది. అది కూడా రాసుకున్నారు. భార్య తొందరగా రమ్మని పిలిచినందున అతివేగంగా వస్తూ అని.

"నా మాటే ఆ కాయితంలో ఉంది బాబాయ్ గారూ. మా అత్త చదివించుకుని మరీ విన్నది."

ఎండ రేకుల మీద చిటపటమంటోంది. పక్క షెడ్డులో ఎవరో సుత్తితో కొడుతున్నారు. యేసుపాదం కళ్ళద్దాలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. తర్వాత సుద్దముక్క తీసి, ఇంజను కడ్డీ మీద ఒక గీత, ముందున్న పదిహేను పళ్ళ బుల్లి చక్రం మీద ఒక గీత గీశాడు.

"ఇది పడ్డ రోజు ఏ గేరులో ఉందో ఆ గేరులోనే ఇరుక్కుపోయిందమ్మా. గేరుబాక్సు నేనింకా విప్పలా. నేనీ చిన్న చక్రాన్ని పది చుట్లు తిప్పుతా. ఇంజను కడ్డీ మీద గీత ఎన్నిసార్లు పైకొచ్చిద్దో నువ్వు లెక్కపెట్టు."

అతను తిప్పాడు. ఆమె వంగి లెక్కపెట్టింది. మొదట మనసులో, తర్వాత పెదవులతో, చివరికి పైకే. భుజంగరావు అప్పుడే కారు దిగి లోపలికి వచ్చి, ఏదో అడగబోయి, వాళ్ళ మొహాలు చూసి తలుపు దగ్గరే నిలబడిపోయాడు. పది చుట్లు పూర్తయ్యాయి.

"అరవై మూడు," అంది.

యేసుపాదం ఇంకోసారి తిప్పాడు. మళ్ళీ అరవై మూడే.

"ఇది రెండో గేరు," అన్నాడు.

పాల లెక్కలు చేసే మనిషి కదా, మిగతాది ఆమే చేసింది. సుద్దముక్క తీసుకుని సిమెంటు నేల మీద చతికిలబడింది. యేసుపాదం చెప్తుంటే రాసింది. చిన్న చక్రం ఒక చుట్టుకు ఇంజను ఆరు పాయింట్ మూడు చుట్లు. నా నలభై రెండు పళ్ళను పదిహేనుతో భాగిస్తే రెండు పాయింట్ ఎనిమిది. నన్ను ఆమె చేతుల్లోకి తీసుకుని పళ్ళు తనే ఒకసారి లెక్కపెట్టుకుంది. ఎవరి మాటా నమ్మదలచుకోలేదు ఆమె. ఆ రెండూ గుణిస్తే, వెనక చక్రం ఒక్కసారి తిరగాలంటే ఇంజను దాదాపు పద్దెనిమిది చుట్లు తిరగాలి. ఈ ఇంజను ఎంత గొంతు చించుకున్నా నిమిషానికి పదివేల చుట్లు దాటదు. చక్రం ఒక చుట్టుకు బండి పోయేది రెండు మీటర్లకు కాస్త తక్కువే. రెండే అనుకో అన్నాడు యేసుపాదం. ఆమె గుణించింది, అరవైతో మళ్ళీ గుణించింది, చెరిపి మళ్ళీ వేసింది.

గంటకు అరవై ఎనిమిది కిలోమీటర్లు.

"అది కూడా ఇంజను పగిలిపోయేట్టు అరిస్తే," అన్నాడు యేసుపాదం. "రెండో గేరులో అలా ఎవరూ నడపరమ్మా. మామూలుగా పోతే ముప్పై. కంకర రోడ్డంటున్నావు, ఇంకా తక్కువే ఉండొచ్చు."

శివకుమారి ఆ అంకెను చూస్తూ ఉండిపోయింది. నాకు ఆమె వేళ్ళు తెలుస్తున్నాయి, నా అంచును గట్టిగా పట్టుకుని ఉంది. విరిగిన పన్ను ఆమె అరచేతిలో గుచ్చుకుంటోంది. అంతలో ఆమె తలెత్తి, నేను భయపడిన ప్రశ్న వేసింది.

"తొంభైలో వస్తా వస్తా, లారీని చూసి భయపడి గేరు దించుంటేనో?"

యేసుపాదం లేచి అరలోంచి రెండు సన్నటి కడ్డీలు తెచ్చాడు. ఈ ఇంజను తలలోంచి తీసిన గొడుగు తలల వాల్వులు. ఆమె చేతిలో పెట్టి దొర్లించమన్నాడు. ఆమె నేల మీద దొర్లించింది. రెండూ తిన్నగా దొర్లుకుంటూ పోయి గోడ దగ్గర ఆగాయి.

"తొంభైలో ఉండగా రెండో గేరు పడితే ఇంజను పదమూడు వేలు తిరుగుద్ది. ఇవి వంగిపోతయ్. వంగలేదు చూడు. నేను కోర్టులో చెప్పే మనిషిని కాదు తల్లీ. కానీ ఇంజన్లు నాకు తెలుసు. నీ మాట విని ఆయన తొందరపడలా."

ఆమె ఏడవలేదు. వాల్వులు ఏరుకుని తెచ్చి బల్ల మీద పక్కపక్కన పెట్టింది. చీర కుచ్చిళ్ళకు అంటిన సుద్ద దులుపుకుంది. తర్వాత అడిగింది, ఈ బండి తయారయ్యాక ఒకసారి ఆయన పోయిన వేగంలో తనను తిప్పుతారా అని. యేసుపాదం భుజంగరావు వైపు చూశాడు. భుజంగరావు తల ఊపాడు. ఆమె బస్సుకు వెళ్ళాక, ఏ చక్రం వేస్తున్నావని ఆయన మళ్ళీ అడగలేదు. నేల మీది లెక్క చుట్టూ నడిచి, తొక్కకుండా, బయటికి పోయాడు.

యేసుపాదం గేరుబాక్సు విప్పి, గేర్లను జరిపే వంగిన కొమ్మును మార్చాడు. కార్టు వెనక ఇరుసుకు నన్ను బిగించాడు. విరిగిన పన్ను మీద ఆకురాయి పెట్టి అంచు నున్నగా చేశాడు. అయినా ప్రతి చుట్టులో ఆ పన్ను గొలుసులోకి దిగేటప్పుడు టక్కుమనేది. ట్రాకు మీద పరీక్షించారు. తిన్నగా ఉన్న దారిలో ఎనభై మీటర్లకే ఇంజను పూర్తిగా కూసింది. నలభై పళ్ళుంటే అచ్చంగా సరిపోయేది, అయినా పర్వాలేదు అన్నాడు యేసుపాదం. కార్టు చిన్న చక్రాల మీద నా గరిష్ఠ వేగం అరవై. భుజంగరావు మాత్రం గేటు దగ్గర బోర్డు మీద ఎనభై అని రాయించాడు. మనుషులకు అంకెలంటే ఎంత ఇష్టమో, లెక్కంటే అంత బద్ధకం.

శివకుమారి మూడు వారాల తర్వాత వచ్చింది. గేటు దగ్గర బోర్డు చదివి, ఇది అరవై దాటదండీ అని భుజంగరావుతో మెల్లగా చెప్పింది. ఆయన దగ్గాడు.

మూడేళ్ళకు పైగా ఆమె ఏ బండీ ఎక్కలేదట, బస్సు తప్ప. కార్టు అంచు రెండు చేతులతో పట్టుకుని మెల్లగా సీట్లోకి దిగింది. యేసుపాదం పక్క సీట్లో కూర్చుని, నేలకు ఇంత దగ్గరగా ఉంటే ముప్పై కూడా అరవైలా అనిపిస్తుందని ముందే చెప్పాడు. నాలుగో గేరులో వేసి, ముల్లు చూసుకుంటూ ముప్పై దగ్గర నిలిపాడు. ఒక చుట్టు తిప్పాడు. రెండో చుట్టు. టక్, టక్, టక్ అని నా పన్ను. ఆ చప్పుడులో నేను కాలువ కట్ట మీద ఉన్నాను. అదే వేగం, అదే ఇంజను, నా పక్కన అదే పదిహేను పళ్ళ చక్రం. నా వెనక క్యాను ఊగుతోందేమో అని కూడా అనిపించింది. ప్రతి మలుపులోనూ ఎదురుగా ట్రాక్టరు వస్తుందని, దాని వెనక నుంచి అది వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. మలుపు తర్వాత పాత టైర్ల వరసే ఉంది.

మూడో చుట్టు అయ్యాక యేసుపాదం ఆపాడు. ఇంజను ఆగిపోయింది.

"ఇంతేనా?" అంది ఆమె.

"ఇంతేనమ్మా."

"నేను ఫోన్ చేసినాక కూడా ఇంతేనా?"

"ఇంతే తల్లీ."

ఇంజను వేడి చల్లారేదాకా ఆమె దిగలేదు. ఏడ్చిందో లేదో నాకు తెలియదు. నేను వెనక ఉన్నాను.

వేసవి సెలవుల్లో కూతురు జాహ్నవిని తీసుకొచ్చింది. ఆ రోజు జ్వరం వచ్చిన పాపే. తొమ్మిదేళ్ళు వచ్చాయి. తన జ్వరం వల్లే నాన్న పోయాడని బంధువులు దాని చెవిన కూడా వేశారని, లెక్క మొత్తం నోటుబుక్కులో రాసి చూపించానని శివకుమారి యేసుపాదానికి చెప్పింది. జాహ్నవి కార్టులో కూర్చుని బెల్టు తనే బిగించుకుంది. యేసుపాదం మొదట ముప్పైలో తిప్పాడు. ఇంకొంచెం స్పీడు తాతా అంది. నలభై. ఇంకా అంది. యేసుపాదం టైర్ల గోడవైపు చూశాడు. గోడ అవతల శివకుమారి రెండు చేతులతో టైరు పట్టుకుని నిలబడి ఉంది. ఆపమంటుందేమో అనుకున్నాను. ఆమె అనలేదు. ఐదో గేరు పడింది. అంకబాబు కాళ్ళ కింద ఆరేళ్ళలో ఎప్పుడూ తిరగనంత వేగంగా నేను తిరిగాను. ఇంజను అరిచింది, పిల్ల అరిచింది, ఆ హోరులో నా టక్కులు కలిసిపోయి ఒక సన్నటి కూతయ్యాయి. శివకుమారి చూస్తూనే ఉంది. రెప్ప వెయ్యలేదు. చేతులు మాత్రం టైరు మీద అలాగే ఉన్నాయి.

తర్వాత మూడేళ్ళు పుట్టినరోజుల పిల్లల్ని, పెళ్ళిచూపులు అయిన జంటల్ని, తాగొచ్చి, వద్దంటే అలిగి మరీ ఎక్కిన పెద్దమనుషుల్ని మోశాను. పళ్ళు అరిగి కొక్కేల్లా వంగాయి. అరిగిన చక్రం కొత్త గొలుసును తినేస్తుంది. అందుకని యేసుపాదం నన్ను విప్పేశాడు. ఆ చోట నలభై పళ్ళ కొత్తదాన్ని బిగించాడు. అది అచ్చంగా సరిపోయిందని విన్నాను.

ఇప్పుడు ఆటోనగర్ చివర పాత ఇనుము గుట్టలో ఉన్నాను. ఎప్పుడో ఒకరోజు కొలిమికి పోతాను. ఎర్రగా కాలడం నాకు కొత్త కాదు. ఇక్కడ బ్రేకు డ్రమ్ములు, విరిగిన స్ప్రింగులు, పేర్లు తెలియని యంత్రాల ముక్కలు ఉన్నాయి. రాత్రనక పగలనక కొత్త ఇనుము వచ్చి పడుతూనే ఉంటుంది. అప్పుడప్పుడు లారీల వెనక ఇరుసులోని పెద్ద పళ్ళ చక్రం ఒకటి దబ్బున వచ్చి నా పక్కన పడుతుంది. నా విరిగిన పన్ను మరింత చల్లబడుతుంది.

కాలువ కట్ట మలుపులో ట్రాక్టరును దాటి వచ్చిన లారీ ఆ రోజు ఏ గేరులో ఉందో ఎవరూ అడగలేదు. దాని పళ్ళు ఎవరూ లెక్కపెట్టలేదు. అది ఎక్కడో తిరుగుతూనే ఉండొచ్చు. ఇక్కడ పడేవాటిలో ఏది ఆ లారీదో నాకు తెలియదు, తెలిసినా వాటికి నోరు లేదు. నాకూ లేదు. సుద్దముక్క పట్టుకుని నేల మీద కూర్చునే మనిషి ఒకరు వస్తేనే మేం చెప్పగలం. మనిషి రాకపోతే, మేం చూసినదంతా మాతో పాటు కరిగి, ఇంకో బండి చక్రమై, ఏమీ తెలియని కొత్త పళ్ళతో మళ్ళీ రోడ్డెక్కుతుంది.